ఇడ్లీ పిండి, కల్లుప్పు, ద్రాక్షతీగె: పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే సందేహం. ఇంట్లోనో పొలంలోనో కనిపించే వస్తువును చూపి బైబిల్ వాక్యం చెప్పడం ఎలా? అందులో పొరపాటు ఎక్కడ దొర్లుతుంది? అయిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: సండే స్కూల్లో మత్తయి 13:33 చెప్పాలి. పుల్లని పిండి అంటే మా పిల్లలకు తెలియదు. ఇడ్లీ పిండి తెచ్చి చూపిస్తే సరిపోతుందా?
– ఒక టీచరు, తణుకు

జవాబు: ఇడ్లీ పిండి పొంగడం చూడ్డానికి బాగుంటుంది గానీ, పరలోకరాజ్యం పుల్లని పిండిలాంటిదన్న ఈ ఉపమానానికి అతకదు. మినప్పప్పు, బియ్యం రుబ్బి పెడితే వాటిలో ముందే ఉన్న సూక్ష్మజీవులే రాత్రికి రాత్రి పిండిని పులియబెడతాయి. బయటినుంచి ఎవరూ ఏదీ కలపనక్కర్లేదు. ఉపమానంలోని స్త్రీ మాత్రం పుల్లని పిండిని తెచ్చి కొత్త పిండిలో పెట్టింది. క్రితంసారి పిసికిన పిండిలోంచి ఒక ముద్ద తీసి ఉంచుకోవడం, దాన్ని మరుసటిసారి పిండిలో కలపడం అప్పటి ఇళ్లలో మామూలు.

దానికి మన వంటింట్లో సరైన జోడు పెరుగు తోడు. అర లీటరు పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా చల్లార్చి, ఒక చిన్న చెంచాడు పెరుగు వేసి కలపండి. మామూలు రోజుల్లో ఆరు నుంచి ఎనిమిది గంటల్లో తోడుకుంటుంది. ఎండాకాలంలో ఇంకా త్వరగా, చలికాలంలో ఆలస్యంగా. పాలు మరీ వేడిగా ఉండగా వేస్తే తోడు చచ్చిపోతుంది, చల్లారిపోయాక వేస్తే తెల్లారినా పాలు పాలలాగే ఉంటాయి. మధ్యలో కదిపితే గట్టిగా తోడుకోదు. పిల్లలు గిన్నె మూత తీసి తీసి చూసేది ఇక్కడే!

సండే స్కూలు గంటలో పాలు తోడుకోవు కాబట్టి శనివారం రాత్రే ఒక గ్లాసు తోడుపెట్టి ఉదయం తీసుకెళ్లండి. తరగతి మొదట్లో ఇంకో గ్లాసులో పిల్లల చేతే తోడు వేయించి, సాయంత్రం ఎలా ఉందో చూడమని ఎవరో ఒకరి ఇంటికి పంపండి. గంటలోనే పొంగు చూపించాలంటే 250 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, ఒక చిన్న చెంచా చొప్పున ఈస్టు, పంచదార సరిపోతాయి. మూతపెట్టి వెచ్చని చోట ఉంచితే 45 నిమిషాల నుంచి గంటలోపు ముద్ద రెట్టింపవుతుంది. ఉప్పు నేరుగా ఈస్టు మీద పడనీయకండి, పొంగు మందగిస్తుంది.

పాఠంలో రెండు మాటల దగ్గర ఆగండి. మొదటిది ‘దాచిపెట్టిన’. వేసినదాన్ని మళ్లీ ఏరి బయటికి తీయలేం. రెండోది ‘మూడు కుంచములు’. మూలంలో ఉన్నది సేయా అనే కొలత. ఒక్కోటి ఏడు లీటర్లని కొందరు, పన్నెండు పదమూడు లీటర్లని కొందరు లెక్కగట్టారు. తక్కువ లెక్కే తీసుకున్నా మూడు సేయాల పిండి పది కిలోలు దాటుతుంది. ఒక ఇంటికి అక్కర్లేనంత, ఊరి విందుకు సరిపోయేంత. ఆదికాండము 18:6లో అబ్రాహాము ముగ్గురు అతిథుల కోసం శారాను పిసకమన్నదీ మూడు సేయాలే. మన బైబిల్లో అక్కడ ‘మూడు మానికలు’ అనీ ఇక్కడ ‘మూడు కుంచములు’ అనీ పడింది. మన లెక్కలో మానిక, కుంచం వేరు వేరు కాబట్టి చదివేవారికి ఆ పోలిక కనబడకుండా పోయింది.

ఒక జాగ్రత్త. పులిసిన పిండి కనబడ్డ చోటల్లా ఇదే పాఠం చెప్పకండి. మత్తయి 16:6లో అది పరిసయ్యుల బోధ, 1 కొరింథీయులకు 5:6లో సంఘంలో సహించి ఊరుకున్న పాపం. వస్తువు ఒకటే, అర్థాన్ని మాత్రం చుట్టూ ఉన్న వచనాలు తేలుస్తాయి.

ప్రశ్న: ఉప్పు ఎన్నాళ్లున్నా ఉప్పగానే ఉంటుంది కదా. ‘ఉప్పు నిస్సారమైతే’ అని ప్రభువు ఎందుకన్నారు? యవ్వనస్తుల కూడికలో ఒక సైన్సు విద్యార్థి అడిగితే జవాబు చెప్పలేకపోయాం.
– ఒక యువజన నాయకుడు, ఒంగోలు

జవాబు: ఆ అబ్బాయి అడిగింది సబబే. శుద్ధమైన ఉప్పు రుచి పోగొట్టుకోదు. కానీ ఆనాటి యూదయలో దొరికే ఉప్పు మన పాకెట్టు ఉప్పు కాదు. మృత సముద్రం నీళ్లు మన సముద్రపు నీళ్లకంటే దాదాపు పదింతలు లవణం గలవి. ఆ లవణాల్లో సగానికి దగ్గరగా మెగ్నీషియం క్లోరైడే, తినే ఉప్పు పాలు తక్కువ. తీరంలో గడ్డకట్టినదాంట్లో జిప్సం, మట్టి కూడా కలిసి ఉంటాయి. అలాంటి గడ్డకు తేమ తగిలితే ముందు కరిగి పోయేది ఉప్పే. మిగిలినది చూపుకు ఉప్పులాగే ఉంటుంది, నాలుకకు మాత్రం కాదు. పండితులు ఎక్కువగా చెప్పే వివరణ ఇది.

మీ జిల్లాకు దగ్గర్లోనే చినగంజాం ఉప్పు మడులున్నాయి కదా, కూడికవారిని ఒకసారి తీసుకెళ్లండి. మడిలో నీరు చిక్కబడుతుంటే ముందు జిప్సం దిగుతుంది, తర్వాత ఉప్పు గడ్డకడుతుంది. చివర మిగిలిన చేదు నీటిని బయటికి వదిలేస్తారు. వదలకపోతే ఆ మెగ్నీషియం ఉప్పుతో కలిసి గడ్డ చేదెక్కుతుంది, వానాకాలంలో జాడీలో చెమ్మగిల్లుతుంది. ఏది ఎప్పుడు వదలాలో తెలియడమే అక్కడ పనితనం.

మడులదాకా వెళ్లలేకపోతే రెండు చెంచాల కల్లుప్పు, రెండు చెంచాల కడిగిన సన్న ఇసుక కలిపి పలుచటి గుడ్డలో మూటకట్టి, పైనుంచి నిదానంగా నాలుగు గ్లాసుల నీళ్లు పోయండి. ఉప్పంతా కిందికి పోతుంది, మూట మాత్రం మిగిలే ఉంటుంది. ఇసుక బదులు ముగ్గుపిండి వాడకండి, చిన్నపిల్లలు నోట పెట్టుకుంటారు.

అయితే రసాయనం దగ్గరే ఆగిపోతే పాఠం తప్పుతుంది. మత్తయి 5:13లో ‘నిస్సారమగుట’ అని మనం చదివే గ్రీకు క్రియకు ‘బుద్ధిహీనమగుట’ అని కూడా అర్థం ఉంది. ‘మీరు లోకమునకు ఉప్పయి యున్నారు’ అంటూ, ఉప్పును గురించి చెబుతూనే శిష్యుల్ని గురించి చెప్పే మాట అది. దీనితో కలిపి మార్కు 9:50 చదవండి. ‘మీలో మీరు ఉప్పుసారముగలవారై’ ఉండమన్న వెంటనే ‘యొకరితో ఒకరు సమాధానముగా ఉండుడి’ అని ఉంది. సంఘంలో తగవు పెట్టుకుని బయట లోకానికి ఉప్పునంటే కుదరదన్నమాట.

ప్రశ్న: గద్ద నలభయ్యో ఏట కొండెక్కి ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందనీ, ఈకలు పీక్కుంటుందనీ, అయిదు నెలల తర్వాత కొత్త యవ్వనం వస్తుందనీ వాట్సాప్‌లో వచ్చింది. యెషయా 40:31కి చెప్పవచ్చా?
– ఖమ్మం నుంచి ఒక సోదరి

జవాబు: చెప్పకండమ్మా. అది నిజం కాదు. ముక్కు ఊడిన గద్ద తినలేదు, అయిదు నెలలు తిండి లేకుండా బతకలేదు. దాని ఈకలు కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తుంటాయి, ఎగరడం ఆగకుండానే. కీర్తన 103:5లోని ‘క్రొత్తదగుచుండు’ యౌవనానికి ఆ ఈకలే చాలు. రక్తం, బండ అక్కర్లేదు. అబద్ధపు పక్షిని చూపి సత్యం చెప్పబోతే, రేపు స్కూల్లో జీవశాస్త్రం చదివిన పిల్లవాడు వాక్యాన్నే అనుమానిస్తాడు.

హీబ్రూలో ఉన్న ‘నెషెర్’ అనే మాట గద్దకూ రాబందుకూ రెండిటికీ వాడతారు. మీకా 1:16లో దాని బోడితల ప్రస్తావన ఉంది కాబట్టి అక్కడ రాబందే అయి ఉండాలి. ఈ పెద్ద పక్షులు రెక్కలు కొట్టుకుంటూ ఎత్తుకు పోవు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి మీద రెక్కలు చాచి తేలిపోతాయి. అందాకా కొమ్మ మీదో బండ మీదో కూర్చుని ఉంటాయి. వచనంలో ‘యెహోవాకొరకు ఎదురు చూచువారు’ అన్న మాట ముందు, ‘రెక్కలు చాపి’ అన్న మాట తర్వాత వస్తాయి. ఈ పోలిక మనం గమనించినదే గానీ ప్రవక్త విడమరిచి చెప్పింది కాదు. చెప్పేటప్పుడు ఆ సంగతీ చెప్పండి.

ప్రశ్న: మాది ద్రాక్షతోట. మా సంఘంలో భర్తను పోగొట్టుకున్న ఒక సహోదరికి ‘దేవుడు నిన్ను కత్తిరించాడు, ఇక ఎక్కువ ఫలిస్తావు’ అని యోహాను 15:2 చెప్పారు. నాకు మనసొప్పలేదు. కత్తిరింపు అంటే అదేనా?
– ఒక రైతు, మేడ్చల్

జవాబు: మీ మనసు ఒప్పకపోవడంలో న్యాయం ఉంది. కత్తిరింపు సంగతి మీకు కొత్త కాదు గానీ మిగతా పాఠకుల కోసం చెబుతాం.

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ప్రతి కొమ్మనూ ఒకటి రెండు కన్నులు (చిగురు వచ్చే మొగ్గలు) ఉంచి మొదట్లోకి కోసేస్తారు. పందిరి బోడిగా మిగులుతుంది, అప్పుడు కాపు ఉండదు. తర్వాత వచ్చిన కొత్త చిగుళ్ల కన్నుల్లోనే, బయటికి ఏమీ కనబడకుండా, వచ్చే పంటకు గుత్తులు రూపుకడతాయి. అక్టోబరులో రకాన్ని బట్టి అయిదారు కన్నులో అంతకంటే ఎక్కువో ఉంచి మళ్లీ కత్తిరిస్తారు. ఆ కన్నుల్లోంచి గుత్తులు బయటికొచ్చి ఫిబ్రవరి, మార్చిలో కోతకొస్తాయి. అనాబ్‌షాహీ రకానికి ఉంచినన్ని కన్నులే థాంసన్ రకానికీ ఉంచితే తీగె ఏపుగా పెరుగుతుంది గానీ గుత్తులు రావు, ఎందుకంటే దాని పంట కన్నులు కొమ్మకు ఇంకా పైన ఉంటాయి. అందరికీ ఒకే కొలత పనికిరాదని తోటమాలికి తెలుసు. గలిలయలో, యూదయలో చలికి తీగె నిద్రపోతుంది కాబట్టి అక్కడ అసలు కత్తిరింపు చలికాలంలో ఒక్కసారే.

ఇప్పుడు వచనం చూడండి. తోటమాలి తీసేది ఫలించే తీగెలోని ‘పనికిరాని తీగెలను’. ఒక స్త్రీ భర్త పనికిరాని తీగె కాదు! పైగా మూడో వచనం కత్తి ఏదో చెబుతోంది: ‘నేను మీతో చెప్పిన మాటనుబట్టి మీరిప్పుడు పవిత్రులై యున్నారు.’ రెండో వచనంలోని ‘తీసివేయును’, మూడో వచనంలోని ‘పవిత్రులై’ గ్రీకులో ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. ఇక్కడ కత్తిరించేది ఆయన మాట. చావును, జబ్బును, అప్పును ఈ వచనంలో ఇరికించడం మన తొందరే. ఆ సహోదరి ఇంటికి వెళ్లేవారు యోహాను 11:35 తీసుకుని వెళ్లడం మేలు. లాజరు కోసం ఏడుస్తున్నవారిని చూసి యేసు కన్నీళ్లు విడిచాడు.

ప్రశ్న: ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటె ఒంటె సూది బెజ్జంలో దూరడం సులభమని మత్తయి 19:24లో ఉంది. ఆ ‘సూది బెజ్జం’ యెరూషలేములో ఒక చిన్న ద్వారమనీ, ఒంటె బరువు దించి మోకాళ్ల మీద దూరుతుందనీ విన్నాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదు. మొదటి శతాబ్దపు యెరూషలేములో అలాంటి ద్వారం ఉన్నట్టు ఆధారం లేదు, ఆ కథ వందల ఏళ్ల తర్వాతి రాతల్లో కనబడుతుంది. బబులోను యూదుల ధర్మబోధల గ్రంథమైన తల్మూదులో ఇదే మాదిరిగా సూది బెజ్జంలో దూరే ఏనుగు ప్రస్తావన ఉంది. పాలస్తీనాలో కళ్లముందుండే పెద్ద జంతువు ఒంటె, అంతే తేడా. అసాధ్యాన్ని చెప్పడానికి అదొక నానుడి. ద్వారం కథ ఒప్పుకుంటే బరువు కొంచెం దించుకున్న ధనవంతుడు తన కష్టంతోనే దూరిపోవచ్చు. మత్తయి 19:25లో శిష్యులు ‘ఆలాగైతే ఎవడు రక్షణపొందగలడు’ అని విస్తుపోవడానికి అప్పుడు కారణమే ఉండదు. తర్వాతి వచనంలో యేసు ‘ఇది మనుష్యులకు అసాధ్యమే’ అన్నాడు, కష్టమని అనలేదు. ఇంతకుముందు కూడికలో ద్వారం సంగతి చెప్పి ఉంటే, ఈసారి 23 నుంచి 26 వరకు నాలుగు వచనాలూ వరుసగా చదివి సరిదిద్దండి. అయిదు నిమిషాల పని.