నమ్మడం, నమ్ముకోవడం, నమ్ముకున్నామనుకోవడం

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మొన్న ఉపవాస కూటంలో పాస్టరుగారు "దేవుణ్ణి నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. చాలామంది నమ్ముకున్నామనుకొని తమను తామే మోసం చేసుకుంటున్నారు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ తేడా నిజంగా తెలుగులో ఉందా, ప్రసంగం కోసం చెప్పిందా? బైబిల్లోని యాకోబు పత్రికలో, అంటే ఆయన రాసిన ఉత్తరంలో, "మోసపుచ్చుకొనకుండ" అని ఉంది. దాన్ని "మోసపోకుండా" అనుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, తేడా ఉంది. బడి మొహం చూడనివాళ్ళు కూడా మన దగ్గర దాన్ని తప్పకుండా పాటిస్తారు.

నేను పాలమూరు పల్లెలో పుట్టినవాణ్ణి. నా చిన్నప్పుడు మా వెనకింటాయన బొంబాయి పనికి పోతూ "మేస్త్రీని నమ్ముకొని పోతున్న వదినా" అని మా అమ్మతో చెప్పాడు. అడ్వాన్సు పైసలు అప్పటికే అప్పులవాళ్ళకు కట్టేశాడు. మేకను అమ్మేశాడు. పెళ్ళాం పిల్లల్ని ముందు నడిపించి, ఇంటికి తాళం వేసి, తాళంచెవి అమ్మ చేతిలో పెట్టాడు. అది మా దూలానికి కొట్టిన మేకుకు ఎనిమిది నెలలు వేలాడింది. మేస్త్రీ మంచోడని అరుగుమీద కూర్చొని కూడా నమ్మవచ్చు, దానికి తాళం వేసే పని లేదు. నమ్ముకున్నవాడు మాత్రం ఇల్లు కదిలాడు. "బోరును నమ్ముకొని నాటు పెట్టిన" అనే నల్లగొండ రైతు మాటా ఇలాంటిదే. బోరు ఆగితే ఎండేది ఆయన మడే.

ఈ బరువంతా మోసేది 'కొను'. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు. వండు, వండుకొను; దాచు, దాచుకొను. చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని చెబుతుంది. 'నమ్ము'కు చేరినప్పుడు ఫలంతోపాటు నష్టాన్నీ మన నెత్తినే పెడుతుంది.

ఇప్పుడు మీ బైబిలే తీసి చూడండి. "దయ్యములును నమ్మి వణకుచున్నవి" అని యాకోబు 2:19. అక్కడ ఒట్టి 'నమ్మి'. కీర్తన 37:5లో "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము, నీవు ఆయనను నమ్ముకొనుము". అప్పగించడం పక్కనే నమ్ముకోవడం. దేవుడు ఉన్నాడన్న సంగతి దయ్యాలకూ తెలుసు, వణుకుతాయి కూడా. అవి తమ దారిని ఆయనకు అప్పగించవు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే మీ నిద్ర ఇంకా చెడగొట్టినవాణ్ణి అవుతాను. ఇది మన తెలుగుకు ఉన్న సౌకర్యం. ఈ పత్రికల మూలభాష గ్రీకు. యాకోబు దయ్యాల గురించి వాడిన గ్రీకు క్రియే, విశ్వసించేవాడికి నిత్యజీవం అని చెప్పే యోహాను 3:16లోనూ ఉంది. తెలుగులో కూడా "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును" అని మార్కు 16:16. అక్కడ 'కొను' లేదు, విశ్వాసం నిండుగానే ఉంది. కాబట్టి ఎవరైనా సాక్ష్యంలో "నేను నమ్మిన" అంటే, 'కొను' లేదు గనుక వాళ్ళ విశ్వాసం తక్కువదని లెక్కకట్టకండి. అది వ్యాకరణం తేల్చే విషయం కాదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. మన పల్లెల్లో "వాళ్ళు దేవుణ్ణి నమ్ముకున్నరు" అంటే ఏం అర్థం? చర్చికి పోతారు, బొట్టు తీసేశారు, పండుగల పద్ధతి మారింది అని. ఇల్లూ వాకిలీ ఒడ్డిన మనిషి మాట మెల్లగా ఒక గుంపు పేరయింది. తాత ఎన్నడో మెన్నోనైటు అనే క్రైస్తవ శాఖ మిషన్ కాలంలో నమ్ముకున్నాడు, మనుమడు ఆ మాటను భూమి పట్టాలాగా వారసత్వంగా తెచ్చుకున్నాడు. వాడి తప్పని అనను. ఊరు వాణ్ణి అలాగే పిలుస్తుంది, వాడూ అలాగే అనుకుంటాడు.

ఈ 'అనుకొను' చూడండి. అను అంటే పలకడం. అనుకొను అంటే తనకు తాను చెప్పుకోవడం. మన భాషలో ఆలోచనకు ఉన్న మామూలు మాటలోనే చెప్పేవాడూ వినేవాడూ ఒక్కడే. మూడోవాడు లేడు, కాదనేవాడు లేడు. 'నమ్ముకున్నామనుకోవడం'లో రెండు 'కొను'లు ఉన్నాయి. మొదటిది మనిషిని గడప దాటిస్తుంది. రెండోది దాటానని చెప్పి మంచంమీదే పడుకోబెడుతుంది. మీ పాస్టరుగారు వేలు పెట్టి చూపింది ఈ రెండోదాన్ని.

మీ చివరి సందేహానికి వస్తాను. 'మోసపోవు'లో మోసం చేసింది ఎవరైనా కావచ్చు, అంగట్లో వడ్ల తూకం దగ్గరా మోసపోతాం. గలతీ 6:7లో "మోసపోకుడి" అని ఉంది, అక్కడ అది సరిపోయింది. యాకోబు 1:22లో మాత్రం "వినువారు మాత్రమైయుండి మిమ్మును మీరు మోసపుచ్చుకొనకుండ" అని ఉంది. మోసపుచ్చు అంటే మోసగించు. దానికి 'కొను' చేరగానే మోసగాడూ మోసపోయినవాడూ ఒకే చొక్కాలోకి వచ్చారు. ఆ వెంటనే అద్దం పోలిక వస్తుంది. వాడు ముఖం "చూచుకొని" అవతలకు పోతాడు, తానెట్టివాడో మరచిపోతాడు.

రెండో కొరింథీ 13:5లో మందు కూడా ఇదే 'కొను'తో ఉంది: "మిమ్మును మీరే శోధించుకొని చూచుకొనుడి." నిద్ర పట్టని ఆ రాత్రి మీరు చేసింది ఈ పనేనని నాకనిపిస్తోంది. దానికి భయపడకండి.

కాబట్టి 'మోసపోకుండా' అని మార్చవద్దు. వాడుకలో చెప్పాలంటే "మిమ్మల్ని మీరే మోసం చేసుకోకుండా" అనండి. పలకడానికి కాస్త పొడుగే, కానీ ఆ 'మీరే' జారిపోదు.