పాప దగ్గరికెళ్తే కుక్క గుర్రుమంటోంది: సమాధానం

తొమ్మిది నెలల పాప పాకుతూ వెళ్తే మీ లాబ్రడార్ గుర్రుమంటోందని, అత్తయ్యగారు దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటున్నారని రాశారు కదండీ, అంత టెన్షన్ ఇప్పుడే వద్దు. గుర్రుమనడమంటే దగ్గరికి రావద్దని చెప్పడం, అందుకు కొడితే అది హెచ్చరించడం మానేసి ఒకరోజు నేరుగా కరవొచ్చు, కాబట్టి అరవకుండా పాపనే పక్కకు తీయండి. ఎప్పుడు గుర్రుమంటోంది? తిండి గిన్నె దగ్గరా, నిద్రలోనా, తోక పట్టుకున్నప్పుడా? కొత్తగా మొదలైతే చెవి నొప్పో కీళ్ల నొప్పో ఉండొచ్చు, ముందు వెటర్నరీ డాక్టర్‌కి చూపించండి.

కూకట్‌పల్లిలో టూ బీహెచ్‌కే అన్నారు కదా, ఒక గదికి బేబీ గేటు బిగించి కుక్క గిన్నె, పరుపు లోపలే పెట్టండి, పాప వెళ్లలేని చోటు దానికొకటి ఉండాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే ఇద్దర్నీ ఒంటరిగా వదలొద్దు.

కుక్కకి నులిపురుగుల మందు, రేబిస్ టీకా డాక్టర్ చెప్పిన టైముకి వేయించండి. దానికి టీకా వేయించినా సరే, పాపకి కుక్క పన్ను గీసుకుని రక్తం వస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా వేసే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. పసుపు, కారం మాత్రం పెట్టొద్దు, ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా.