అది సేవ కాదండీ, ఉద్యోగమే

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. డేటా సైన్స్ కోర్సులో చేరమంటే, వెబ్‌సైట్లు, వీడియోలు దివ్యాంగులకు అందేలా చేసే యాక్సెసిబిలిటీ పని నేర్చుకుంటానంటోంది. ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కోర్సు పేర్లు మారుతున్నాయి కానీ నాకొచ్చే ఉత్తరాల్లో బెంగ ఒకటే. అమ్మాయి ఏం చేస్తోందని చుట్టాలు అడిగితే నోరు తిరగని పేరు చెప్పాల్సి వస్తుందని మీ టెన్షన్. చుట్టాల కోసం కోర్సు ఎంచకండి.

డేటా సైన్స్ మంచిదే. ఆ బోర్డు పెట్టి కొన్ని నెలల్లో నిపుణుల్ని చేస్తామనే కోర్సుల మీదే నాకు నమ్మకం లేదు. స్టాటిస్టిక్స్ రాకుండా నాలుగు రెడీమేడ్ ప్రాజెక్టులు రెజ్యూమెలో పెట్టుకున్న పిల్లలు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తెల్లమొహం వేస్తున్నారు. మీ అమ్మాయికి లెక్కలంటే ఇష్టమో కాదో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

ఇక ఆమె చెప్పే పని. వంట వీడియోలో ఆవిడ "ఇదిగో, ఇంత వేసుకోండి" అంటుంది. చూపు లేనివారికి ఎంతో తెలియదు. అది చెంచానా, గుప్పెడా అని మాటల్లో చెప్పడం ఆడియో డిస్క్రిప్షన్. వినపడనివారికి మాటలతో పాటు "కుక్కర్ విజిల్" అని కూడా రాయడం క్యాప్షన్. ఆటోమేటిక్ క్యాప్షన్లు ఉన్నాయిగా అంటారేమో, వాటి తప్పులు దిద్దడానికి మనిషి కావాలి.

ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. కళ్లు ఆర్పితేనే పూర్తయ్యే ఈ-కేవైసీతో (ఆన్‌లైన్‌లో గుర్తింపు తనిఖీతో) ఇబ్బంది పడ్డ యాసిడ్ దాడి బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న కోర్టు చెప్పింది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కడి క్లయింట్లకు పనిచేసే మన ఐటీ కంపెనీలూ దాన్ని పట్టించుకోక తప్పదు.

అయితే ఫ్రెషర్లకు నేరుగా ఈ పేరుతో ఉద్యోగాలు తక్కువే. చాలామంది టెస్టింగ్‌లోనో, వెబ్‌సైట్‌లో మనకు కనిపించే భాగాన్ని తయారుచేసే ఫ్రంట్ ఎండ్‌లోనో చేరి ఇటు వస్తారు. అందుకే హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ గట్టిగా నేర్చుకోమనండి. అవి వస్తే దారి మార్చుకున్నా నష్టం లేదు, కంగారు పడకండి.

తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్లలో ఎన్‌వీడీఏ ఉచితం. దాంతో మౌస్ ముట్టకుండా కాలేజీ వెబ్‌సైట్ అంతా తిరిగి, ఎక్కడెక్కడ ఆగిపోయిందో డబ్ల్యూసీఏజీ 2.2 అనే వెబ్ యాక్సెసిబిలిటీ నియమాల ప్రకారం రిపోర్టు రాయమనండి. ఒక వీడియోకు తెలుగు క్యాప్షన్లు పెట్టి, వినపడనివారికి చూపించి దిద్దుకోమనండి. డేటా సైన్స్ ఫీజు ఇంకా కట్టకపోతే, ఈ రెండూ అయ్యేదాకా ఆగండి.