క్రికెట్ నుంచి వచ్చిన పిల్లలకు బేస్‌బాల్ ఫీల్డింగ్, త్రో సాధన ఎలా చేయించాలి?

హనుమకొండలో క్రికెట్ ఆడుతూ బేస్‌బాల్‌కు వచ్చిన పిల్లలకు ఫీల్డింగ్, త్రో ఎలా మెరుగుపరచాలని మీరు అడిగారు. నేను ముందుగా పాదాల కదలికనే సరిదిద్దమంటాను. ఇద్దరు పిల్లలు ఐదారు మీటర్ల దూరంలో ఎదురెదురుగా నిలబడి, గ్లవ్ లేకుండా టెన్నిస్ బంతిని నేలపై దొర్లించుకుంటూ, మోకాళ్లు వంచి, నడుము దించి, బంతిని శరీరానికి ముందే రెండు చేతులతో అందుకోవాలి. మన మొరం మైదానాల్లో బంతి ఉన్నట్టుండి ఎగురుతుంది గనుక, చేతులను ముందే నేలకు ఆనించి ఉంచి, బంతితో పాటు పైకి తేవడం మేలు. పై నుంచి కిందికి దించబోతే బంతి వాటి కిందుగా దూసుకుపోతుంది. ఈ ఒక్క సాధనకే రోజూ ఎక్కువ సమయం కేటాయించండి.

త్రోకు చూపుడు, నడిమి వేళ్లను కుట్లకు అడ్డంగా ఉంచి పట్టుకుంటే బంతి తిన్నగా వెళుతుంది. గ్లవ్‌లోంచి బంతిని తీస్తూనే, చూడకుండా ఆ పట్టు కుదరాలి. మొదట ఒక మోకాలిపై కూర్చుని పది మీటర్ల నుంచి విసరాలి. తరువాత నిలబడి, ముందు పాదాన్ని లక్ష్యం వైపు వేస్తూ, దూరాన్ని క్రమంగా పెద్దల ఆటలో బేస్‌ల మధ్య ఉండే 90 అడుగులకు, అంటే సుమారు 27.4 మీటర్లకు పెంచాలి. భుజం నొప్పి పుడితే ఆనాటికి విసరడం ఆపించండి.