క్రైస్తవ కుటుంబంలో పుట్టి నాస్తికులైనవాళ్లు ఊరుకోకుండా బయటికొచ్చి ఎందుకు మాట్లాడతారు?

చర్చి మానేస్తే మానేశారు, మైకు పట్టుకుని చెప్పడం దేనికి అని అడిగారు. నేను మొదటిసారి మైకు పట్టుకున్నది చర్చిలోనే.

నాకు పద్నాలుగేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ ఆస్పత్రిలో తొమ్మిది రోజులున్నాను. అమ్మ నా మంచం పక్కన నేల మీదే పడుకుంది. జ్వరం తగ్గాక ఉపవాస కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. ముందురోజు పాస్టరు గారు పిలిచి, "ఆస్పత్రి సంగతి ఎత్తకు నాన్నా, మహిమ ప్రభువుకే వెళ్లాలి" అన్నారు. మర్నాడు నేను ఇంకో అడుగు ముందుకేసి, డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థనతో బతికాను అని చెప్పాను. పచ్చి అబద్ధం. రోజూ పొద్దున్నే వచ్చి నాలుక చాపమని చూసిన డాక్టరమ్మ నాకింకా గుర్తుంది. హాలంతా "స్తోత్రం" అని లేచి నిలబడింది.

కూడిక అయ్యాక మా వీధి ఆంటీ ఒకావిడ నా చెయ్యి తీసుకుని తన కళ్ల మీద పెట్టుకుంది. ఆమెకు శుక్లాలు. ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చారు. వెళ్లలేదు. ప్రభువే చూసుకుంటాడని రెండేళ్లు గోడలు పట్టుకుని నడిచింది. ఆమె కనిపిస్తే నేను సందు మార్చేవాణ్ణి.

దేవుడు లేడని గట్టిగా అనడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. ఇప్పుడు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో మీటింగుల్లో మాట్లాడినా ముందు ఈ సంగతే చెబుతాను. అబద్ధం అందరి ముందూ చెప్పాను కదా, దాన్ని ఇంట్లో కూర్చుని దిద్దుకుంటే సరిపోతుందా?

కోపం తెప్పించేవాళ్లూ ఉన్నారు. బైబిల్ గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టి, వాళ్ల బాబాల గురించి ఎత్తగానే లేచిపోతారు. నా వీడియో ముక్క కోసి క్రైస్తవుల్ని తిట్టడానికి వాడతారు. వాళ్లకు నేను మాట సాయం చేయను. మా నాయనమ్మని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు, అక్షరాలు దిద్దించింది మిషన్ బడే. గోరా గారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, ఆయనంటే నాకు గౌరవం. కానీ ఆయన వదిలింది బ్రాహ్మణ ఇంటి ఆచారాన్ని. మావాళ్లకు చర్చి అంటే మొదటిసారి కుర్చీలో కూర్చోనిచ్చిన చోటు. ఆ తేడా తెలియనివాళ్లు మాకు పాఠాలు చెప్పొద్దు.

ఎస్సీ సర్టిఫికెట్ కోసం వదిలాడని బంధువుల మాట. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, ఇక్కడ వాళ్లకున్నది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే. నా కాగితాల్లో ఈరోజుకీ బీసీ-సీయే ఉంది.

ఇంట్లో నాన్న ఏడాది మాట్లాడలేదు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది, "నన్నెలా సాగనంపుతావురా?" అని. నారాయణగూడ సమాధుల తోటలోనే, పాస్టరు గారిని పిలిచి, నీ పాటలన్నీ పాడించి పంపుతానమ్మా అన్నాను. ఆ పాటలు నాకింకా నోటికొచ్చు.