ఫర్నేస్ వెలిగాక అసలు పని: గాలి లెక్క

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

ఇన్నాళ్లూ సాయానికి వెళ్తున్నవాడివి, ఈసారి ఒక ఇంటి గ్యాస్ ఫర్నేస్‌ను (గ్యాస్ మంటతో గాలిని వేడిచేసి గదులకు పంపే యంత్రాన్ని) మొదటినుంచి చివరిదాకా నీ చేతిమీదుగా బిగించబోతున్నావని రాశావు. చాలా సంతోషం. లైసెన్సున్న మేస్త్రీ పక్కనే ఉంటాడనీ, పర్మిట్ తీశారనీ, ఇన్‌స్పెక్షన్ ఉందనీ చెప్పావు కాబట్టి నాకు నిశ్చింత. ఆ మూడిట్లో ఏది లేకపోయినా గ్యాస్ పైపు మీద చెయ్యి వేయొద్దు.

మంట వెలిగింది, గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, ఇక అయిపోయిందని సామాను సర్దేసేవాళ్లు ఈ పనిలో ఎక్కువ. వెచ్చదనం చేతికి తెలుస్తుంది గానీ ఎంత గాలి పోతోందో తెలియదు. గాలి తక్కువైతే హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని గాలికి అందించే లోహపు భాగం) అతిగా కాలుతుంది, వేడి హద్దు మీరకుండా కాసే లిమిట్ స్విచ్ మాటిమాటికీ మంట ఆపేస్తుంది. అలా కాలుతూ చల్లారుతూ లోహం చివరికి పగులుతుంది. గాలి మరీ ఎక్కువైనా చేటే: పొగలోని ఆవిరి, తడికి తట్టుకోలేని మొదటి ఎక్స్ఛేంజర్‌లోనే నీరై తుప్పు పట్టిస్తుంది. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం గాలి కొలతల గురించే రాస్తున్నాను.

సైజు సంగతి ముందు చూడు. పాత ఫర్నేస్ నేమ్‌ప్లేట్ చూసి అంతే పెద్దది తెప్పించడం చెడ్డ అలవాటు. ఆ పాతది కూడా ఎవరో ఉజ్జాయింపుగా పెట్టిందే అయివుంటుంది, పైగా తర్వాత కిటికీలు మారి ఉండొచ్చు, అటకమీద ఇన్సులేషన్ పడి ఉండొచ్చు. గదిగదికీ ఎంత వేడి కావాలో తేల్చే మాన్యువల్ జె లెక్క వేయించు. అవసరానికి మించిన ఫర్నేస్ కాసేపు వెలిగి ఆరిపోతుంటుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, దానికి కావలసినంత గాలిని ఇంట్లో ఉన్న పాత డక్టులు (గాలి గొట్టాలు) మోయలేవు.

పొగగొట్టం విషయం ఫర్నేస్ రకాన్ని బట్టి ఉంటుంది. సామర్థ్యం 90 శాతం పైబడిన కండెన్సింగ్ రకానికి (పొగలోని ఆవిరిని నీరు చేసి ఆ వేడినీ వాడుకునేదానికి) పీవీసీ గొట్టం. అది బయటినుంచి ఫర్నేస్ వైపుకే అడుగుకు పావు అంగుళం చొప్పున వాలాలి, నీరు వెనక్కి వచ్చి ట్రాప్‌లో (ఆ నీరు పట్టే వంపులో) పడాలి. మధ్యలో గొట్టం కుంగితే అక్కడ నీరు నిలిచి, పొగ దారి సరిగా ఉందో చూసే ప్రెజర్ స్విచ్ తెరుచుకుని ఫర్నేస్ ఆగిపోతుంది. చాలామంది ఫర్నేస్‌ను నడిపే కంట్రోల్ బోర్డు మీద అనుమానపడతారు, అసలు తప్పు గొట్టాన్ని వేలాడదీసే హ్యాంగర్లదే. మొదటిసారి వెలిగించేముందు ట్రాప్‌లో నీళ్లు పొయ్యి. బయట గొట్టం మూతి ఆ ప్రాంతంలో పడే మంచు మట్టానికి కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. 80 శాతం రకానికి బి-వెంట్ అనే రెండు పొరల లోహపు గొట్టం, దీనికీ వాలు ఫర్నేస్ నుంచి చిమ్నీ వైపు పైకే.

ఇక్కడొక ప్రమాదం ఉంది, బాగా గుర్తుపెట్టుకో. పాత ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ ఒకే చిమ్నీలో కలిసి ఉండి, నువ్వు ఫర్నేస్‌ను పీవీసీకి మార్చేస్తే హీటర్ ఒక్కటే ఆ పెద్ద చిమ్నీలో మిగులుతుంది. దాని పొగ అంత వెడల్పు గొట్టాన్ని వేడెక్కించలేదు. సరిగా లాగదు, లోపల చెమ్మ పడుతుంది, ఒక్కోసారి పొగ ఇంట్లోకే తిరిగొస్తుంది. చిమ్నీలో సరైన సైజు లైనర్ (లోపలి గొట్టం) వేయాలా అన్నది ఆ రోజే తేల్చు.

గ్యాస్ వైపు నీకు చాలావరకు తెలిసిందే. చేత్తో మూసే వాల్వ్, యూనియన్ (పైపును విప్పడానికి వీలైన జాయింటు), ఫర్నేస్ వాల్వ్‌కు ముందు కిందికి కనీసం మూడంగుళాల చెత్త కాలు. పైపులోని తుప్పు, చెత్త అందులో పడకపోతే తిన్నగా వాల్వ్‌లోకి పోతాయి. క్యాబినెట్ గోడలోంచి ఫ్లెక్సిబుల్ గొట్టం దూర్చకు, అక్కడ ఇనుప పైపే ఉండాలి. రేకు అంచుకు అదురుతూ రాసుకుంటే ఫ్లెక్సిబుల్ చిల్లు పడుతుంది. లైన్‌ను అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి అర పౌండు) మించిన ఒత్తిడితో పరీక్షించేటప్పుడు ఫర్నేస్ వాల్వ్‌ను విడదీసి ఉంచు. లీకు చూడ్డానికి సబ్బునురగ, అంతే.

కరెంటులో ఫేజ్, న్యూట్రల్ తారుమారు కాకూడదు, ఎర్త్ గట్టిగా ఉండాలి. మంట ఉందో లేదో బోర్డు కనిపెట్టేది మంటలోంచి ఎర్త్‌కు పారే కొద్ది మైక్రోఆంపుల కరెంటుతోనే. ఎర్త్ వదులైతే మంట చక్కగా మండుతున్నా కొన్ని క్షణాల్లో ఆపేస్తుంది.

ఇక గాలి. కొలతల వరస మార్చకు: మొదట గ్యాస్, తర్వాత టెంపరేచర్ రైజ్ (ఫర్నేస్ దాటేసరికి గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కిందన్నది), ఆ తర్వాత స్టాటిక్ ప్రెజర్ (గాలిని తోయడానికి బ్లోవర్ ఫ్యాను ఎదుర్కొనే ఒత్తిడి). గ్యాస్ ఎంత కాలుతోందో తెలియకుండా రైజ్ చూస్తే అది నిన్ను మోసం చేస్తుంది. గ్యాస్ తక్కువ, గాలీ తక్కువ అయితే రెండు తప్పులూ కలిసి రైజ్‌ను సరిగ్గా నేమ్‌ప్లేట్ మీది అంకెల మధ్యకే తెచ్చి నిలబెడతాయి. చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

గ్యాస్ వాల్వ్ దగ్గర మేనోమీటర్ (ఒత్తిడి కొలిచే సాధనం) పెట్టి, నేచురల్ గ్యాస్ అయితే మేనిఫోల్డ్ (బర్నర్లకు గ్యాస్ పంచే పైపు) ఒత్తిడి సాధారణంగా 3.5 అంగుళాల వాటర్ కాలమ్ (అంత ఎత్తు నీటి ఒత్తిడి) చూస్తావు, ప్రొపేన్‌కు దాదాపు 10. నేమ్‌ప్లేట్ ఏం చెప్తే అదే చెయ్యి. ఆపైన మీటర్ దగ్గరికి వెళ్లు. ఇంట్లో మిగతా గ్యాస్ పరికరాలన్నీ ఆపించి, ఒక క్యూబిక్ అడుగు డయల్ ఒక్క చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చూడు. 46 సెకన్లు పట్టిందనుకో: 3600ను 46తో భాగిస్తే గంటకు 78.3 క్యూబిక్ అడుగులు. మీ గ్యాస్ కంపెనీ చెప్పే హీట్ వాల్యూ (ఒక క్యూబిక్ అడుగు గ్యాస్ ఇచ్చే వేడి) 1,025 బీటీయూ అయితే (బీటీయూ అంటే వేడికి కొలమానం) గంటకు సుమారు 80,200 బీటీయూ. 80,000 ఇన్‌పుట్ ఉన్న ఫర్నేస్‌కు అది బాగున్నట్టే. మంటకు రెండు స్టేజీలున్నదైతే హై స్టేజీలో ఉందో లేదో ముందు చూసుకో.

ఇప్పుడు రైజ్. ఫర్నేస్‌ను 15 నిమిషాలపాటు ఆపకుండా నడవనివ్వు. రిటర్న్ వైపు (ఇంట్లోంచి చల్లగాలి వెనక్కి వచ్చే వైపు) థర్మామీటర్ ఫర్నేస్ దగ్గర్లోనే పెట్టు. సప్లై వైపుది (వేడిగాలి బయటికి పోయే వైపుది) మాత్రం ప్లీనమ్‌లో, అంటే ఫర్నేస్‌కు ఆనుకునే గాలిపెట్టెలో, పెట్టకు. బాగా కాలే హీట్ ఎక్స్ఛేంజర్ ఎదురుగా ఉంటే ఆ వేడి నేరుగా తగిలి థర్మామీటర్ అబద్ధం చెప్తుంది. మొదటి మలుపు దాటాక, రెండు మూడడుగుల దూరంలో, ఎక్స్ఛేంజర్ కంటికి కనపడనిచోట పెట్టు. డక్టు పెద్దదైతే రెండు మూడు చోట్ల చూసి సగటు తీసుకో.

రిటర్న్ 68, సప్లై 126 ఫారన్‌హీట్ వచ్చాయనుకో. రైజ్ 58. నేమ్‌ప్లేట్ మీద 35 నుంచి 65 అని ఉంటే లోపలే ఉంది. అంతటితో సంతోషపడకుండా గాలి లెక్క కట్టు. ఔట్‌పుట్ బీటీయూను 1.08తో, రైజ్‌తో గుణించిన అంకెతో భాగించాలి. ఔట్‌పుట్ 76,000 అయితే 76,000 ÷ (1.08 × 58), అంటే సుమారు 1,213 సీఎఫ్ఎమ్ (నిమిషానికి పోయే గాలి, క్యూబిక్ అడుగుల్లో). ఆ 1.08 సముద్రమట్టం దగ్గరి గాలికే సరిపోతుంది. 5,000 అడుగుల ఎత్తులో గాలి పలచన కాబట్టి దాదాపు 0.90 వేసుకోవాలి. అంత ఎత్తులో గ్యాస్ ఇన్‌పుట్ కూడా తగ్గించమని మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) కూడా ఉన్న ఇల్లయితే ఏసీ సామర్థ్యంలో టన్నుకు దాదాపు 400 సీఎఫ్ఎమ్ కావాలి, మూడు టన్నులకు 1,200. కూలింగ్ స్పీడ్ బ్లోవర్ మోటార్‌లో వేరే ట్యాప్ (వేగం ఎంచే వైరు) మీద ఉంటుంది గనక దాన్ని విడిగా కొలవాలి.

మిగిలింది స్టాటిక్ ప్రెజర్. నన్నడిగితే ఈ ఒక్క కొలత కోసమే మేనోమీటర్ కొనుక్కోవచ్చు. ఒక రంధ్రం ఫిల్టర్‌కూ బ్లోవర్‌కూ మధ్య, రెండోది ఫర్నేస్ దాటాక కాయిల్‌కు ముందు. డ్రిల్ బిట్‌కు ఆపు గుండీ తగిలించు, రేకు దాటితే చాలు; అజాగ్రత్తగా లోపలికి దిగితే కాయిల్‌కు చిల్లు పడి మొత్తం మార్చాల్సొస్తుంది. ప్రోబ్ కొన గాలికి ఎదురుగా చూడాలి. రిటర్న్ వైపు మైనస్, సప్లై వైపు ప్లస్ వస్తాయి. గుర్తులు వదిలేసి రెండూ కలుపు. చాలా ఫర్నేస్‌ల నేమ్‌ప్లేట్ మీద గరిష్ఠం 0.50 అంగుళాల వాటర్ కాలమ్ అని ఉంటుంది.

పై ఉదాహరణలోనే ఫిల్టర్ తర్వాత మైనస్ 0.45, కాయిల్‌కు ముందు ప్లస్ 0.33 వచ్చాయనుకో. మొత్తం 0.78. రైజ్ లోపలే ఉన్నా గాలి దారి మాత్రం బ్లోవర్ పీక పిసుకుతోందన్నమాట. తప్పెక్కడుందో చెప్పాలంటే ఇంకో రెండు రంధ్రాలు కావాలి. ఫిల్టర్‌కు ముందు మైనస్ 0.17 ఉంటే ఫిల్టర్ ఒక్కటే 0.28 తినేస్తోంది. కాయిల్ దాటాక ప్లస్ 0.13 ఉంటే కాయిల్ వంతు 0.20. పెద్ద దొంగ ఫిల్టర్. 16×25 ఒకటంగుళం ఫిల్టర్ వైశాల్యం 2.78 చదరపు అడుగులు, దానిలోంచి 1,213 సీఎఫ్ఎమ్ పోవాలంటే గాలి నిమిషానికి 436 అడుగుల వేగంతో దూసుకెళ్లాలి. 300 దగ్గర్లో ఉంటే మంచిది. అందులో మెర్వ్ 13 (ఫిల్టర్ ఎంత సన్నని దుమ్ము పడుతుందో చెప్పే అంకె) లాంటి దట్టమైనది పెడితే ఇక చెప్పనక్కర్లేదు.

20×25 నాలుగంగుళాల మందం ఫిల్టర్ పెట్టి ఫిల్టర్ వంతును 0.10కి తెచ్చావనుకో. మొత్తం 0.78 నుంచి 0.60కి దిగుతుందని లెక్క వేసుకుంటావు, కానీ అంత దిగదు. దారి వదులయ్యేసరికి గాలి పెరుగుతుంది, గాలి పెరిగితే కాయిల్, డక్టుల వంతు ఆ పెరుగుదల వర్గంలో పెరుగుతుంది. గాలి 1,260కి చేరితే మొత్తం 0.64 దగ్గర ఆగుతుంది, రైజ్ 56కు వస్తుంది. ఇంకా ఎక్కువే కాబట్టి తర్వాత చూపు రిటర్న్ డక్టు మీద పెట్టు. పాత ఇళ్లలో సాధారణంగా ఇరుకైనది రిటర్నే. ఇంకో రిటర్న్ గ్రిల్, ఇంకో డక్టు వేయించడం ఇంటివాళ్లకు ఖర్చే, అయినా అంకెలు చూపించి చెప్పు. రిటర్న్ జాయింట్లు మ్యాస్టిక్ అనే చిక్కని పూతతో మూయి. గుడ్డ టేపు కొన్నాళ్లకు ఊడిపోతుంది. ఫర్నేస్ గదిలోనే రిటర్న్ లీకైతే గదిలో గాలి ఒత్తిడి పడిపోయి పక్కనున్న వాటర్ హీటర్ పొగను లోపలికి లాగుతుంది.

బ్లోవర్ మోటార్ రకం తెలియకపోతే ఈ అంకెలు సరిగా అర్థం కావు. పాతకాలపు పీఎస్‌సీ మోటార్ ఒత్తిడి పెరిగితే గాలి తగ్గించేస్తుంది, తప్పు రైజ్‌లో బయటపడుతుంది. గాలిని స్థిరంగా ఉంచే ఈసీఎమ్ (ఎలక్ట్రానిక్‌గా వేగం మార్చుకునే) మోటార్ అలా కాదు. డక్టు ఎంత ఇరుకైనా వేగం పెంచి తన గాలి తాను లాగేస్తుంది. రైజ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ మోటార్ కరెంటు ఎక్కువ తాగుతుంది, హోరు పెడుతుంది, వేడెక్కి ముందే పోతుంది. ఆ మోటార్ ఉన్నచోట స్టాటిక్ కొలవకపోతే ఏమీ కొలవనట్టే. ఇక పీఎస్‌సీలో స్పీడ్ మార్చేటప్పుడు వాడని ట్యాప్ వైర్లను విడివిడిగా బోర్డు మీది ఖాళీ పార్క్ టెర్మినళ్లలో పెట్టు, ఊరికే వదలకు. రెండు ట్యాపులకు ఒకేసారి కరెంటు తగిలితే మోటార్ కాలిపోతుంది.

ఇంకో రెండు విషయాలు. ఇల్లింకా కడుతూ గోడలు రుద్దుతున్నారంటే ఫర్నేస్ నడపనివ్వకు, ఆ సున్నపు దుమ్ము బ్లోవర్ చక్రం రెక్కలకూ కాయిల్‌కూ అంటుకుపోతుంది. వెళ్లేముందు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎనలైజర్‌తో చూడు. రీడింగు కుదురుగా ఉండాలి. బ్లోవర్ మొదలవగానే అంకె కదిలితే, లేదా మంట తీరు మారితే, హీట్ ఎక్స్ఛేంజర్ మీద అనుమానపడి ఆపెయ్యి. ఇంట్లో ప్రతి అంతస్తుకూ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో అడుగు.

తీసిన అంకెలన్నీ తేదీ వేసి తలుపు లోపలివైపు అతికించు. ఏడాది తర్వాత వచ్చేవాడికి అదే ఆధారం. నాకు కూడా పంపు: మీటర్ సెకన్లు, మేనిఫోల్డ్ ఒత్తిడి, రిటర్న్, సప్లై ఉష్ణోగ్రతలు, నాలుగు రంధ్రాల దగ్గరి ఒత్తిళ్లు, ఫిల్టర్ సైజు, మోటార్ రకం. వేగం ట్యాప్ ఏది పెట్టావో కూడా రాయి.

ఇట్లు,
బాబాయి