ఎర్రర్ దారిని ఎలా చదవాలి

తమ్ముడూ,

లైనక్స్ కెర్నెల్ ట్రేసింగ్ కోడ్‌లో, అంటే కెర్నెల్ లోపల ఏం జరుగుతోందో నమోదు చేసే భాగంలో, మెమరీ లీక్ (తీసుకున్న మెమరీని తిరిగి వదలకపోవడం) కనిపిస్తే ఒక కేఫ్రీ (మెమరీని వదిలే కాల్) చేర్చి ముగించాలనిపిస్తుంది. దయచేసి అంత తొందరపడకు. ఆ ఫంక్షన్‌లో ఫెయిలయ్యే ప్రతి కాల్ దగ్గరా ఆగు, అక్కడి నుంచి బయటికి వెళ్లేదే ఎర్రర్ దారి. ఈపాటికి నేను ఏమేం తీసుకున్నాను? వాటిలో ఏది ఇప్పటికే బయటివాళ్లకు కనిపిస్తోంది? ఈ రెండూ అడుగు.

మొదటిది తేలికే. తీసుకున్న వరుసను తిరగేసి గోటూ లేబుళ్లలో (ఎర్రర్ వస్తే కోడ్ దూకే చోట్లలో) వదలాలి. ట్రేస్ ఇన్‌స్టెన్స్ (విడిగా నడిచే ఒక ట్రేసింగ్ బఫర్) రిఫరెన్స్ (అది వాడుకలో ఉందనే గుర్తు) తీసుకుని ఏదో ఒక రిటర్న్‌లో వదలడం మర్చిపోతే, తర్వాత ఆ ఇన్‌స్టెన్స్‌ను తొలగించబోయినప్పుడల్లా బిజీ అనే ఎర్రరే వస్తుంది. లేబుల్‌కు దూకేముందు ఎర్రర్ కోడ్ పెట్టావో లేదో కూడా చూడు. లేకపోతే అంతా సవ్యంగా జరిగినట్టు సున్నా వెళ్లిపోతుంది.

రెండోదే అసలు టెన్షన్. ట్రేస్‌పాయింట్‌కు (కెర్నెల్ కోడ్‌లో ట్రేసింగ్ కోసం పెట్టిన చోటుకు) ప్రోబ్ (కోడ్ అక్కడికి రాగానే నడిచే ఫంక్షన్) తగిలించాక తర్వాతి పని ఫెయిలైందనుకో. ప్రోబ్ ఊడదీసిన వెంటనే దాని డేటాను ఫ్రీ చేయకూడదు, ఆ ప్రోబ్ ఇంకో సీపీయూ మీద ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ట్రేస్‌పాయింట్ సింక్రనైజ్ కాల్‌తో అప్పటికే నడుస్తున్నవన్నీ ముగిసేదాకా ఆగాలి. ఆగకపోతే లీక్ పోయి యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం) వస్తుంది, అది లీక్ కంటే చాలా ప్రమాదం. వీలైతే ఫెయిలయ్యే పనులన్నీ ముందే చేసి, రిజిస్ట్రేషన్‌ను, అంటే ప్రోబ్ తగిలించడాన్ని, ఆఖరున పెట్టు. నాకు అన్నిటికంటే నచ్చే పరిష్కారం అదే.

ఈ దారులు మామూలు టెస్టుల్లో నడవవు. చిన్న కేటాయింపులు దాదాపు ఎప్పుడూ ఫెయిల్ కావు మరి! కావాలని కాల్స్‌ను ఫెయిల్ చేయించే ఫాల్ట్ ఇంజెక్షన్ సదుపాయంలోని ఫెయిల్ ఎన్త్‌తో మొదటి కేటాయింపు, రెండోది, మూడోది ఇలా వరసగా ఫెయిల్ చేయించు. లీక్‌లను పట్టే కేమెమ్‌లీక్, తప్పు మెమరీ వాడకాన్ని పట్టే కాసాన్ ఆన్‌లో ఉంచు.

2023లో వచ్చిన 6.5 కెర్నెల్ నుంచి, స్కోప్ (వేరియబుల్ ఉన్న బ్లాక్) దాటగానే తీసుకున్నవాటిని వాటంతటవే వదిలే క్లీనప్ మాక్రోలు ఉన్నాయి. కొత్త ఫంక్షన్లలో హాయిగా వాడు. పాత ఫంక్షన్‌లో గోటూలతో కలపకు. పైగా నీ ఫిక్స్ పాత స్టేబుల్ కెర్నెల్స్‌కూ (ఫిక్స్‌లు అందుకుంటూ ఉండే పాత వెర్షన్లకూ) వెళ్లాల్సి రావచ్చు, వాటిలో ఈ మాక్రోలు ఉండకపోవచ్చు.

ప్యాచ్‌లో రాసే ఫిక్సెస్ ట్యాగ్‌లో తప్పును తెచ్చిన కమిట్ ఐడీలోని మొదటి 12 అక్షరాలు ఇవ్వు. చేంజ్‌లాగ్‌లో (ప్యాచ్ వివరణలో) ఏ కాల్ ఫెయిలైతే ఏది మిగిలిపోతుందో రాయి. టూల్ చూపించిందని మాత్రమే రాస్తే, రివ్యూ చేసేవాళ్లు ఆ దారంతా మళ్లీ వెతుక్కోవాలి.